మూడో చెయ్యి

నెల్లూరుకు విమానాశ్రయం లేదు. సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో ఇంటికొచ్చే మా బిడ్డలు చాలామంది చెన్నైలోనే దిగుతారు. విమానం దిగినంత మాత్రాన ఇల్లు రాదు. చెన్నై సెంట్రల్ నుంచి నెల్లూరుకు రైలుదారి ఇంకా 176 కిలోమీటర్లు. ఈ ఆఖరి ముక్క మీదే మా ఇళ్లల్లో ఏటా తగువు. వెంట పసిపిల్లలుంటే ఆ తగువు మరికాస్త పెరుగుతుంది.

ఇక్కడ మాట్లాడుకుంటున్నది అక్కాతమ్ముళ్లు. అక్క సింగపూర్‌లో ఉంటుంది. ఆమెకు ఏడేళ్ల కొడుకు, మూడేళ్ల కూతురు. మే నెలాఖరులో సెలవులకు వస్తోంది. భర్తకు వీలుకాలేదు, పిల్లలతో ఒక్కతే. తమ్ముడికి నెల్లూరులో దుకాణం. ఇద్దరి మాటల్లోనూ ప్రేమ ఉంది, న్యాయమూ ఉంది. అందుకే ఎవరిదీ తగ్గించకుండా రాస్తున్నాను.

తమ్ముడు: కారు మాట్లాడే పనేం లేదక్కా, మన కారే ఉంది. పొద్దున తొమ్మిదికి నువ్వు దిగేసరికి బయట నేనుంటా. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాం.

అక్క: ఈసారి కారు వద్దులే అబ్బయ్యా. మేం రైల్లో వస్తాం. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పినాకిని ఉంది గదా, దానికి టికెట్లు చూడు.

తమ్ముడు: రైల్లోనా? ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని, పెట్టెలు లాక్కుంటా, రోహిణి కార్తె ఎండల్లోనా? అక్కా, నీకు చేతులెన్ని? రెండు. ఒకటి బాబుకి ఇస్తావు, ఇంకొకటి పాపకి ఇస్తావు. పెట్టె ఎవరు పట్టుకుంటారు?

అక్క: సరిగ్గా అడిగావు. మూడో చెయ్యి ఎక్కడినుంచి వస్తుందనేదే అసలు సంగతి. ముందు దారి చెప్తా, విను. విమానాశ్రయం దాకా మెట్రో 2016లోనే వచ్చింది. 2019 ఫిబ్రవరి నుంచి అదే రైలు నేరుగా సెంట్రల్ కిందికి పోతుంది. మధ్యలో దిగి ఇంకోటి ఎక్కే పని లేదు. ముప్పావు గంట, కాస్త అటూఇటూ. ఎక్కేచోటా లిఫ్టుంది, దిగేచోటా లిఫ్టుంది. నేను మెట్లెక్కేదే లేదు.

తమ్ముడు: నువ్వు మెట్రో అంటుంటే నాకు తిరుసూలం గుర్తొస్తోంది. విమానాశ్రయానికి ఎదురుగా ఉండే ఆ చిన్న స్టేషన్‌లో లోకల్ ఎక్కడం, పార్క్ స్టేషన్‌లో దిగడం, జనంలో పడి అవతల సెంట్రల్‌కు దాటడం. నాన్న నెత్తిన పెట్టె, చంకలో సంచి. ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయేది. ఆ కష్టం మనకెందుకనే గదా కారు కొన్నది.

అక్క: ఆ చొక్కా నాకూ గుర్తుంది. ఆ దారే మళ్లీ నడవమంటే నేనూ వద్దంటా. ఇప్పుడు దారి మారిందని చెప్తున్నా.

తమ్ముడు: రోడ్డు మాత్రం మారలేదా? విమానాశ్రయం వైపునుంచి పెరుంగళత్తూరు దగ్గర బైపాస్ ఎక్కితే పుళల్ దాకా 32 కిలోమీటర్లు, చెన్నై ఊళ్లోకి దిగే పనే లేదు. అక్కణ్ణించి జాతీయ రహదారి. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు అడ్డరోడ్డు, ఇల్లు. పెట్టెలు డిక్కీలో పెడితే మళ్లీ మన వాకిట్లోనే తీసేది. పాప నిద్రపోతే నిద్రలోనే ఇంటికి చేరుతుంది. ఒంటేలుకని పాప అడిగితే పక్కకు తీసి ఆపుతా. మూడేళ్ల పిల్ల ‘ఇప్పుడే’ అంటే ఇప్పుడే గదా! బండిని నీ కోసం ఆపుతారా?

అక్క: బండి ఆపే పనిలేదురా, సీట్లోంచి లేచి నడిస్తే చాలు. కారులో అయితే నువ్వు ఆపేచోటు చూడాలి, లారీల పక్కన తుప్పల్లో దించాలి. కానీ రైల్లో మరుగుదొడ్లు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయని నేను అనను. పాపను ఎక్కించే ముందే సెంట్రల్‌లో తీసుకుపోవాలి, సంచిలో తడిగుడ్డలు, కాగితాలు, ఒక జత బట్టలు పెట్టుకోవాలి. అది రైలులో ఉన్న లోటే. ఒప్పుకుంటా.

తమ్ముడు: ఇంకొక లోటు చెప్పనా? తొమ్మిదికి దిగి రెండింటి బండి అంటున్నావు. ఐదు గంటలు పసిపిల్లల్ని పెట్టుకుని ఏం చేస్తావు?

అక్క: ఆ ఐదు గంటలు ఉన్నాయనే నాకు ధైర్యం. లెక్క చూడు. ఇమిగ్రేషన్, పెట్టెలు, బయటపడటం, ఒకటిన్నర గంట. మెట్రోకు నడక, ప్రయాణం, ఇంకొక గంట పైన. మిగిలింది రెండుంబావు, రెండున్నర. విమానం గంట ఆలస్యమైనా నాకు గుండె దడ ఉండదు. పెద్దవాళ్లం ఒక్కళ్లమే అయితే అరగంట తేడాతో పరిగెత్తి బండి పట్టుకుంటాం. పిల్లలతో పరుగు కుదరదు. వాళ్లకు ఆకలేస్తుంది, చెప్పు జారిపోతుంది, బొమ్మ పడిపోతుంది. వీటన్నిటికీ టైము ముందే పక్కన పెట్టుకోవాలి. పైగా వాళ్ల పొట్టలు సింగపూర్ గడియారం మీద ఉంటాయి, అది మనకంటే రెండున్నర గంటలు ముందు. మనకు పదయితే వాళ్లకు పన్నెండున్నర. దిగంగానే అన్నం పెట్టాలి. కారులో ఆ అన్నం వంపుల్లో ఊగుతా తింటారు. నేను సెంట్రల్‌లో కూర్చోబెట్టి పెరుగన్నం పెడతా.

తమ్ముడు: విమానం గంట కాదు, నాలుగు గంటలు ఆలస్యమైతే?

అక్క: బండి తప్పుతుంది. టికెట్టు డబ్బులు పోతాయి. అక్కడ నువ్వే గెలిచావు. రెండు రైళ్ల టికెట్లు జతచేసి తీసుకుంటే, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు డబ్బులు తిరిగిచ్చే పద్ధతి 2019 నుంచి ఉంది. విమానానికీ రైలుకూ మాత్రం ఆ చుట్టరికం కలపలేదు. అదే జర్మనీలో చూడు, ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దూరపు ఊళ్లకు పోయే రైళ్ల స్టేషన్ 1999 నుంచి అక్కడే ఉంది. విమానం దిగినవాళ్లు ట్రాలీ తోసుకుంటా ప్లాట్‌ఫారం మీదికి పోవడం నేను చూశా. అక్కడి రైళ్లలో పసిపిల్లల తల్లిదండ్రులకు వేరే గదే ఉంటుంది.

తమ్ముడు: అదీ మాట! అట్టాంటి ఏర్పాట్లున్నచోట రైలు ఎక్కు, ఎవరొద్దన్నారు? ఇక్కడ లేనప్పుడు ఉన్నట్టు ఎందుకు బతకాలి? మూడేళ్ల కిందటి సంగతి మర్చిపోయావా? నువ్వూ బావా రైల్లోనే వచ్చారు. పాప నెలల పిల్ల. నెల్లూరులో బండి ఆగింది రెండే నిమిషాలు. నువ్వు దిగావు, బాబుని దించావు, బావ రెండో పెట్టె కోసం లోపలికి పోయేసరికి బండి కదిలింది. ఆయన ఒంగోలు దాకా పోయి తిరిగొచ్చాడు. ఆ మూడు గంటలు బాబు ఎంత ఏడ్చాడో నాకు తెలుసు. ‘నాన్నని రైలు తీసుకుపోయింది’ అని వారం రోజులు చెప్పాడు.

అక్క: ఆ తప్పు మాదేరా. గూడూరులో లేవాల్సినవాళ్లం నెల్లూరు వచ్చాక లేచాం. ఆ రోజు నేర్చుకున్నా. గూడూరు దాటంగానే బొమ్మలు, సీసాలు సంచిలోకి పోవాలి. వేదాయపాళెం వచ్చేసరికి పిల్లలూ పెట్టెలూ తలుపు దగ్గర ఉండాలి. పెట్టె ముందు దిగాలి, పిల్లలు తర్వాత దిగాలి, పెద్దవాళ్లలో ఒకరు ఆఖరున దిగాలి. పిల్లవాడు కింద ఒంటరిగా ఉండకూడదు, బండిలోనూ ఒంటరిగా ఉండకూడదు.

తమ్ముడు: ‘పెద్దవాళ్లలో ఒకరు’ అంటున్నావు. ఈసారి నువ్వొక్కదానివే గదా. బావ ఉన్నప్పుడే అట్టా జరిగితే, లేనప్పుడు ఎట్టా?

అక్క: అందుకే పెట్టెలు తగ్గిస్తున్నా. ఒకటే పెట్టె, వీపుకొక సంచి. ఏసీ చెయిర్ కార్ బోగీలో మనిషికి 40 కిలోల సామాను ఊరికే తీసుకెళ్లనిస్తారు, కానీ బరువు మనల్ని ఎక్కనివ్వాలి గదా. ఆ పెద్ద పెట్టెలు పైన అరలో పట్టవు, నడవలో పెడితే అందరికీ కాలడ్డం. నేను తెచ్చే సామానులో సగం పంచిపెట్టడానికే. చాక్లెట్లు, సబ్బులు, సెంటు సీసాలు. ఇప్పుడవన్నీ మన ఊళ్లో ట్రంకు రోడ్డులోనే దొరుకుతుండాయి. అమ్మకు మోకాళ్ల నొప్పుల మందు, నీకొక చొక్కా. ఈసారి అంతే.

తమ్ముడు: టికెట్ల సంగతి? నువ్వు విమానం టికెట్టు జనవరిలోనే కొన్నావు. రైలుకు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు దాకే ఇస్తుండారు. అప్పటిదాకా నీ ప్రయాణం సగం గాల్లో.

అక్క: ఆ రోజు పొద్దున్నే నువ్వే తీయాలి. తత్కాల్ మీద ఆశ పెట్టుకోను. 2025 జూలై నుంచి ఆధార్ సరిచూసుకున్న ఖాతాలకే అది దొరుకుతుంది, నా ఖాతా అట్టా లేదు. ఇంకొక్క మాట. ఐదేళ్లలోపు పాపకు టికెట్టు అక్కర్లేదంటారు, కానీ సీటూ రాదు. ఒళ్లో పెట్టుకుని పోవాలి. పూర్తి డబ్బులు కట్టినా సరే, దానికొక సీటు తీసుకో. బాబుకి చెయిర్ కార్‌లో ఎట్టాగూ పూర్తి టికెట్టే.

తమ్ముడు: అంత ఖర్చు, అంత లెక్క, అంత జాగ్రత్త. దీనికి బదులు కారులో కూర్చుంటే సరిపోతుంది గదా అక్కా! నాకు అర్థం గావడంలేదు. కారులో ఏం తక్కువయింది నీకు?

అక్క: పాపకు సీటు తక్కువయింది. సింగపూర్‌లో 1.35 మీటర్ల ఎత్తు లోపు పిల్లలు కారెక్కితే వాళ్ల కోసం చేసిన సీటులో కట్టి కూర్చోబెట్టాలి. ఇక్కడా 2019లో చట్టం మార్చారు. 14 ఏళ్ల లోపు బిడ్డకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. మనం మాత్రం ఒళ్లో పడుకోబెట్టుకుని గంటకు నూరు స్పీడులో పోతాం.

తమ్ముడు: సీటు కొంటా. రేపే కొంటా. ఇంకేంది?

అక్క: ఇంకేంది అంటే... అడిగావు గాబట్టి చెప్తా. కిందటేడు నాయుడుపేట దాటాక కారు ఎడమకు జారింది. చక్రాలు కంకర మీద పడిన చప్పుడయింది. నువ్వు టక్కున లాగావు. ‘ఏం లేదు, గుంట’ అన్నావు. అక్కడ గుంట లేదు. అద్దంలో నీ కళ్లు నేను చూశా.

తమ్ముడు: ...

అక్క: నిన్ను తప్పుబట్టడం లేదు. దుకాణం మూసేసరికి పదకొండు. రెండింటికి లేచి బయలుదేరావు. నాలుగు గంటలు నడిపావు, రెండు గంటలు నిలబడ్డావు, మళ్లీ నాలుగు గంటలు నడిపావు. ఏ మనిషి కళ్లు నిలబడతాయి? నువ్వు అడిగిన మూడో చెయ్యి కారులో లేకపోలేదు. అది నీ చెయ్యే. నీ నిద్ర తీసేసి నాకు ఇస్తున్న చెయ్యి. నా పిల్లల్ని అంత ఖరీదు పెట్టి ఇంటికి చేర్చుకోవడం నాకిష్టం లేదు.

తమ్ముడు: ఎవరికీ చెప్పలేదు నేను. అమ్మకు గూడా. అయితే డ్రైవర్‌ని పెడతా.

అక్క: ఆ డ్రైవరూ మనిషే, ఆయనకూ రాత్రే గదా నిద్ర. రైలు నడిపేవాళ్ల డ్యూటీకి లెక్క ఉంటుంది. కారు డ్రైవర్‌కు మనమే లెక్క చూడాలి. మనం చూడం. ‘ఇంకొక గంటేలే’ అంటాం.

తమ్ముడు: సరే, ఒప్పుకున్నా. కానీ నా మాట గూడా విను. నీకు అక్కడ లిఫ్టులున్నాయి, ఎవర్నీ అడగనక్కర్లేని ఏర్పాట్లున్నాయి. ఇక్కడ ఒక ఆడమనిషి ఇద్దరు పిల్లలతో సెంట్రల్‌లో నిలబడితే, పోర్టరు కోసం ఒకసారి, బోగీ కోసం ఒకసారి, సీట్లో ఇంకెవరో కూర్చుంటే ఇంకొకసారి, ప్రతిదానికీ అడగాలి, బతిమాలాలి. ఆ జనంలో బాబు చెయ్యి జారితే? నాకు ఆ రాత్రి నిద్రపట్టదు. అప్పుడు గూడా పోయేది నా నిద్రే గదా!

అక్క: ఆ భయం నాకూ ఉంది. బాబు జేబులో నీ నంబరూ నా నంబరూ రాసిన చీటీ పెడతా. తప్పిపోతే ఉన్నచోటే నిలబడమని నేర్పించా. రైల్వే వాళ్లది 139, పిల్లల కోసం 1098, రెండూ ఫోన్లో ఉన్నాయి. అయినా నీ మాట నిజమే. నాకు నువ్వున్నావు గాబట్టి ఈ వాదన చేసుకుంటున్నాం. తమ్ముడూ కారూ రెండూ లేని తల్లులు రోజూ ఆ దారినే పోతుండారు. విమానాశ్రయాన్నీ రైలునూ కట్టేవాళ్లు ఆ తల్లిని చూసి కట్టాలి. ఢిల్లీలో 2011లో మొదలైన ఎయిర్‌పోర్టు మెట్రోలో, విమానం ఎక్కబోయేవాళ్లు ఊళ్లోనే పెట్టెలు అప్పజెప్పే ఏర్పాటుంది. 2022లో లక్నో మెయిల్‌లో కింది బెర్తుకు చంటిబిడ్డ కోసం చిన్న బెర్తు కలిపి చూశారు. అట్టాంటివి ఒకటీ రెండూ గాదు, అన్నిచోట్లా రావాలి. రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో పిల్లల తల్లిని దించడానికి ఒక మనిషి ఎదురురావాలి. ఒక్కతే తల్లి ఇద్దరు పిల్లలతో భయం లేకుండా పోగలిగిన దారి అయితే, ముసలివాళ్లకూ అది సుఖమే, కుంటేవాళ్లకూ సుఖమే.

తమ్ముడు: అవి వచ్చేదాకా?

అక్క: అవి వచ్చేదాకా ఇంటివాళ్లు రావాలి.

తమ్ముడు: మరి నన్ను రావద్దంటున్నావు!

అక్క: నిన్ను వద్దన్నానా? కారు వద్దన్నా.

తమ్ముడు: నాకు రెండూ ఒకటే అనిపించింది. కారు లేకుండా వస్తే ఉత్తచేతులతో వచ్చినట్టు. అక్కా, ఒక మాట చెప్తా. నాన్న ఉన్నన్నాళ్లు నువ్వు ఏ రోజైనా విమానాశ్రయంలో ఆ గాజు తలుపుల్లోంచి బయటికొచ్చి ఎవరూ లేకుండా నిలబడ్డావా? ఆయన పోయిన తర్వాత ఆ కడ్డీల దగ్గర నిలబడాల్సింది నేను. నువ్వు రైల్లో వస్తానంటే నాకు కారు గుర్తురాలేదు, ఆ ఖాళీ చోటు గుర్తొచ్చింది.

అక్క: నాన్న ఏ కారులో వచ్చాడురా?

తమ్ముడు: ...రైల్లోనే వచ్చేవాడు.

అక్క: ముందురోజే వచ్చేవాడు. సెంట్రల్‌లో తువ్వాలు పరుచుకుని పడుకుని, పొద్దున మొహం కడుక్కుని, తిరుసూలంలో దిగి నడిచి వచ్చేవాడు. ఆయన తెచ్చింది రెండు చేతులు, ఒక ఇడ్లీల పొట్లం. నువ్వూ అట్టా రా. నేలమీద పడుకోవద్దు. ముందురోజు మధ్యాహ్నం బండికి వచ్చి, మంచి గది తీసుకుని కళ్లనిండా పడుకో. పొద్దున మెట్రోలో రా. పెట్టె నువ్వు పట్టుకో, పిల్లల్ని నేను పట్టుకుంటా.

తమ్ముడు: ఒక పూట దుకాణం మూసినా ఏం మునిగిపోదు. కానీ ఒక షరతు. నీ విమానం మధ్యాహ్నం దాటి దిగేటట్టయితే?

అక్క: ఆ రాత్రికి చెన్నైలోనే ఉందాం. పొద్దున కారయినా రైలయినా పోదాం. నిద్రలేని మనిషి వెనక పిల్లల్ని కూర్చోబెట్టేది మాత్రం లేదు. అమ్మకు జ్వరమనో, వానలకు పట్టాలు మునిగాయనో అయితే కారే మేలు, అప్పుడు నేనే అడుగుతా.

తమ్ముడు: న్యాయంగానే ఉంది. అయినా అక్కా, నీకు రైలు మీద ఇంత మక్కువ దేనికి? కారణాలన్నీ చెప్పావు, ఇంకొకటేదో దాచావు.

అక్క: దాచలేదు, ఆఖరున చెప్దామనుకున్నా. బాబు ఆదివారాల్లో తెలుగు నేర్చుకుంటుండాడు. అచ్చులయ్యాయి, హల్లులయ్యాయి, గుణింతాల్లో ఉన్నాడు. గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాకా బోర్డుల మీద అరవం ఉంటుంది. ఆ తర్వాత మన రాష్ట్రంలో మొదటి స్టేషన్ ఏది?

తమ్ముడు: తడ.

అక్క: త, డ. దీర్ఘం లేదు, గుడి లేదు, ఒత్తు లేదు. వాడికొచ్చిన అక్షరాలు రెండూ అంత పెద్ద పసుపు బోర్డు మీద. బండి ఆగకపోయినా చదవగలడు. ఆ తర్వాత సూళ్లూరుపేట వాడివల్ల గాదు, నేను చెప్తా. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకు ఇక్కడే దిగాలని చెప్తా. తన పుస్తకంలోని అక్షరాలు ఒక ఊరి పేరయి కిటికీ ముందుకు వస్తాయి. ఆ క్షణంలో వాడు ఇంటికి వచ్చినట్టురా. వాకిట్లో కారు దిగినప్పుడు గాదు.

తమ్ముడు: రోడ్డు మీద గూడా తడ బోర్డుంది.

అక్క: ఉంది. కిందటేడు దాని పక్కనుంచే వచ్చాం. వాడు వెనక సీట్లో నిద్రపోతుండాడు, నేను అద్దంలో నీ కళ్లను చూస్తా కూర్చున్నా. ఇద్దరం చదవలేదు.

తమ్ముడు: సరేలే. టికెట్లు నాలుగు తీస్తా. నువ్వు, బాబు, పాప, నేను. అందులో కిటికీ ఎన్ని కావాలి?

అక్క: ఒక్కటి దొరికినా చాలు, వాడికి. నువ్వు నడవ పక్కన కూర్చో, పెట్టె నీది.